పుచ్చిన ఇటుకలు

ఇళ్ళు కట్టే చోట కంగారు పిన్నికి అప్పగించిన పని ఇటుకలకు నీళ్ళు పట్టించడం. పెద్ద తొట్టిలో ఇటుకలు వేసి, బుడగలు రావడం ఆగేదాకా పక్కన కూర్చోవాలి. పొడి ఇటుక సిమెంటులో ఉన్న తడినంతా తాగేస్తుందనీ, తర్వాత గోడ పట్టు వదిలేస్తుందనీ మేస్త్రీ చెప్పాడు. కూర్చుని చేసే పని, వయసుకు తగినదని ఇచ్చాడు పాపం. కానీ పిన్ని కూర్చుంటే కదా. ఒక్కో ఇటుకా పూర్తిగా మునిగిందో లేదో చూసేది, తీసి తట్టేది, మళ్ళీ ముంచేది. బుడగలు ఆగిపోతే ప్రాణం పోయిందేమోనన్నట్టు వంగి చూసేది.

"అవి ఇటుకలు పిన్నీ. ఈత నేర్పక్కర్లేదు," అనేవాడు మేస్త్రీ.

ఆవిడకు కంగారు పిన్ని అన్న పేరు ఊరికే రాలేదు. ఎక్కడికైనా బయల్దేరితే సగం దారిలోంచి వెనక్కి వచ్చి పొయ్యి ఆర్పానా లేదా అని చూసుకునే మనిషి. ఎవరైనా నోరుజారి "వెళ్తాను" అంటే వీధి చివరిదాకా పరుగెత్తి, చెయ్యి పట్టుకుని గుమ్మందాకా లాక్కొచ్చి, "వస్తాను" అనిపించుకుని మరీ పంపేది. ఆవిడ భయం ఆవిడది. అమ్మ, అక్క, కట్టుకున్నవాడు, ముగ్గురూ ఏదో ఒక గుమ్మం దాటి వెళ్ళినవాళ్ళే. ముగ్గురిలో ఒక్కరూ ఆ మాట సరిగ్గా చెప్పి వెళ్ళలేదు.

మిగిలింది వదిన ఒక్కర్తి. మొగుడికి అక్కగారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, "చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ టీ తాగి వెళ్ళిపోయారు, నాకు మాత్రం నచ్చినవాళ్ళెవరు గనక," అనేది. పాత లోగిలిలో ఇద్దరివీ పక్కపక్క గదులు. మధ్యలో గోడ కాదు, చెక్కల అడ్డు. ఇటు మంచం తల అటు మంచం తలకు ఆనుకునేది. పడుకోబోయే ముందు పిన్ని చెక్క మీద రెండుసార్లు కొట్టేది. అవతలి నుంచి వదిన తిరిగి రెండుసార్లు కొట్టేది. అంటే ఉన్నానని. ఒక్కోసారి నోటితోనే చెప్పేది, "ఇంకా పోలేదులే, పడుకో."

ఆ చెక్కల సందుల్లోంచే పిన్ని కథలు చదివి వినిపించేది కూడా. పిన్ని బడికి వెళ్ళలేదు. పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి, కొట్ల బోర్డులు కూడబలుక్కుని, తనకు తానే చదువు నేర్చుకుంది. వదినకు అక్షరం రాదు, కానీ వినడంలో ఆవిడను మించినవాళ్ళు లేరు. ఇద్దరూ ఒక లావుపాటి నవల మొదలుపెట్టారు. అది నిజానికి ఎప్పుడో అయిపోయింది. చివరి పేజీలో కథానాయకుడు రైలెక్కి, ఎవరికీ ఒక మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆ పేజీ చదవడానికి పిన్నికి నోరు రాలేదు. వాణ్ణి తర్వాతి స్టేషన్లో దింపేసింది. అక్కడి నుంచి కథంతా ఆవిడ సొంత కవిత్వమే. నమ్మకం కోసం మధ్యమధ్య పాత దినపత్రిక ఒకటి చప్పుడయ్యేలా తిప్పేది. చెక్క అవతలి మనిషికి కాగితం చప్పుడే గానీ కాగితం కనపడదు కదా.

ఇంతలో లోగిలి కూలిపోయేలా ఉందని అందరినీ ఖాళీ చెయ్యమన్నారు. తక్కువ ఖర్చుతో ఇళ్ళు కట్టించే సంఘం ఒకటి స్థలం చూపించింది. సెలవు రోజుల్లో ఊళ్ళోవాళ్ళు స్వచ్ఛందంగా వచ్చి ఇటుకలు మోసేవారు. ఇళ్ళు రాబోయే కుటుంబాలు కూడా పనిలో చెయ్యి వెయ్యాలి. కానీ ఒక షరతు. ఎవరి ఇంట్లో వాళ్ళు పని చెయ్యకూడదు. ఎవరి గోడ వాళ్ళు ముద్దుగా కట్టుకుని, పక్కవాళ్ళ గోడ వంకరగా కడతారని సంఘంవాళ్ళ భయం. అందుకని వదిన ఇంటికి పిన్నిని, పిన్ని ఇంటికి వదినను వేశాడు మేస్త్రీ.

రెండిళ్ళూ ఆనుకునే ఉన్నాయని విని పిన్ని మొదట సంబరపడింది. తీరా వెళ్ళి చూస్తే అవి పక్కపక్కన ఆనుకోలేదు, వీపు వీపూ ఆనుకున్నాయి, అలిగిన మొగుడూ పెళ్ళాల్లాగా. వదిన గుమ్మం పెద్ద వీధిలోకి, పిన్ని గుమ్మం వెనక సందులోకి. ఒకరింటి నుంచి ఒకరింటికి పోవాలంటే వరుసంతా చుట్టి రావాలి. వదిన మోకాలు ఆ చుట్టుకు ఒప్పుకోదు. మధ్యలో ఉన్నది ఇటుక మీద ఇటుక, అడ్డంగా నిలువుగా పేర్చిన మందపాటి గోడ.

"అమ్మయ్య. ఇన్నాళ్ళకి నీ టకటకల పీడ వదిలింది," అంది వదిన. "చెవులారా నిద్రపోతాను."

"చెవులతో నిద్రపోతారా ఎవరైనా?"

"నీ పక్క గదిలో ఉంటే తెలుస్తుంది."

పిన్ని నవ్వినట్టే నవ్వింది గానీ, ఆ పూట అన్నం సయించలేదు.

గోడ కప్పుదాకా లేచిన రోజున, చప్పుడు అవతలికి పోతుందో లేదోనని పిన్ని పరీక్ష పెట్టింది. వదిన ఇంట్లో పిన్నితోపాటు పని చేసే స్వచ్ఛంద సేవకుడు ఒక పళ్ళ డాక్టరు. మెతక మనిషి. వారమంతా జనం నోళ్ళలోకి చూసీ చూసీ విసుగెత్తి, ఒక్క రోజైనా నోరు లేని వాటితో పని చేద్దామని వచ్చాడట. ఆయన్ను వరుస చుట్టూ తిప్పి అవతలి గదిలో నిలబెట్టింది. ఇవతల గోడ మీద పిడికిలితో కొట్టింది. తర్వాత తాపీ పిడితో కొట్టింది. చివరికి తలమీది హెల్మెట్ తీసి దాంతోనే కొట్టింది. కాసేపటికి ఆయన చెమటలు తుడుచుకుంటూ తిరిగి వచ్చాడు.

"ఎప్పుడు మొదలుపెడతారు పిన్నిగారూ?" అన్నాడు.

పిన్ని హెల్మెట్ మళ్ళీ తలకు పెట్టుకుంది. నేరుగా మేస్త్రీ దగ్గరికి వెళ్ళింది.

"వదిన మంచం తల దగ్గర చిన్న గూడు పెట్టించు నాయనా. కళ్ళజోడు, మందులూ పెట్టుకుంటుంది." గూడంత మేర గోడ సగానికి పలచబడితే చప్పుడు అటూ ఇటూ పోతుందేమోనని ఆవిడ లెక్క.

"ప్లానులో గూడు లేదు పిన్నీ."

"ప్లానులో లేకపోతే మనిషికి మందులు ఉండవా?"

"గూడే కావాలంటే ఆ చెట్టెక్కండి. బోలెడు ఖాళీగా ఉన్నాయి. పొద్దుట్నుంచీ ఇది రెండో గూడు," అని విసుక్కుంటూ పరంజా ఎక్కిపోయాడు మేస్త్రీ. రెండోది అన్నాడంటే మొదటిది ఎవరడిగారో అని పిన్నికి తట్టనే లేదు. ఆవిడ బుర్ర అప్పటికే వేరే దారిలో ఉంది.

ముందు గూడు ఎక్కడ ఉండాలో తేల్చుకోవాలి. వదిన గదిలో మంచం పట్టేది ఒక్కచోటే, మిగతా గోడల్ని తలుపూ కిటికీ తినేశాయి. ఎవరూ లేని సమయం చూసి, ఆ చోట ఖాళీ సిమెంటు సంచులు పరిచి వెల్లకిలా పడుకుంది. చెయ్యి వెనక్కి చాచి, వేళ్ళు గోడకు తగిలిన చోట బొగ్గుతో గీత గీసింది. అప్పుడే మేస్త్రీ లోపలికి వచ్చాడు. నేల మీద ముసలావిడను చూసి వాడి ముఖం సున్నం కొట్టినట్టయింది.

"పిన్నీ, పిన్నీ, నీళ్ళు తెమ్మంటారా?"

"ఎందుకు, నన్ను కూడా తొట్టిలో నానబెడతావా? నడుము సరిచేసుకుంటున్నా, పో."

భోజనాల దగ్గర వదిన ఎదురైంది. వీపంతా బూడిద రంగు సిమెంటు పొడి.

"ఎక్కడ పడ్డావు వదినా?"

"పడలేదు, ఆనుకున్నా. నీ వీపేంటి అలా ఉంది?"

"నేనూ ఆనుకున్నా."

ఇద్దరూ మర్యాదగా ఒకరి వీపు ఒకరు దులుపుకుని, ఇంకేం అడక్కుండా విడిపోయారు.

మేస్త్రీ వరుస అవతలి చివర కప్పు పనిలో పడ్డ మధ్యాహ్నం, పిన్ని డాక్టరును గోడ దగ్గరికి పిలిచింది. బొగ్గు గీత దగ్గర వేలు పెట్టి, గొంతు తగ్గించింది.

"డాక్టరుగారూ, ఇక్కడ రెండు ఇటుకలు పుచ్చినట్టున్నాయండీ."

ఆయన కళ్ళు మెరిశాయి. దగ్గరికి వచ్చి తలకాయ పక్కకు వంచి చూశాడు. సుత్తితో మెల్లగా తట్టాడు.

"పుచ్చినట్టు కనపడటం లేదే."

"పైకి కనపడదు. లోపల్నుంచి పుచ్చింది. నానబెట్టింది నేను కదండీ, నాకు తెలీదా. అలాగే వదిలేస్తే పక్కవాటికి కూడా అంటుకుంటుంది."

అది చాలు. వృత్తిధర్మం ముందు మేస్త్రీ గీస్త్రీ ఏమీ గుర్తుండలేదు ఆయనకి. గోడ ఇంకా పచ్చిగానే ఉంది, సిమెంటు గట్టిపడలేదు. ఉలి కొన పెట్టి, అలవాటు కొద్దీ గోడతో, "కొంచెం నొప్పిగా ఉంటుంది, భయపడకండి," అన్నాడు. మెల్లగా చుట్టూ తొలిచాడు. పిన్ని పక్కనే తడిగుడ్డతో దుమ్ము తుడుస్తూ నిలబడింది. మొదటి ఇటుక కదిలి, చెక్కుచెదరకుండా చేతిలోకి వచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఆరోగ్యంగానే ఉందండీ."

"అయితే పుచ్చింది ఆ పక్కదన్నమాట. పీకండి."

రెండోది పీకుతుండగా గోడ లోపల్నుంచి చప్పుడు వినిపించింది. ఠక్. ఠక్. ఆయన కొట్టడం ఆపినా అది ఆగలేదు.

"ప్రతిధ్వని," అన్నాడు డాక్టరు.

"మీరు కొట్టకుండా ప్రతిధ్వని ఎలా వస్తుంది?"

ఆయన తన సుత్తి వైపు చూసుకున్నాడు. పిన్ని గూట్లో చెవి పెట్టింది. అవతల ఎవరిదో మగగొంతు నీరసంగా, చాలా దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది. "పోనీ, పోనీ. ఇంకొంచెం. ఆఁ, రైట్." అది రిటైరైన బస్సు కండక్టరు గొంతు. ఆయన పిన్ని ఇంట్లో వదినతో కలిసి పని చేస్తున్నాడు. బస్సు దిగి ఏళ్ళయినా నోరు మాత్రం ఇంకా ఫుట్‌బోర్డు మీదే ఉంది.

పిన్ని చెవి తీసిందో లేదో, గూటి వెనక గోడలో సన్నటి వెలుతురు పడింది. ఉలి కొన ఒకటి పొడుచుకు వచ్చింది. ఇటుక ముక్క ఒకటి పిన్ని పాదం పక్కన పడింది. తర్వాత ఇంకొకటి. దుమ్ము కాస్త అణిగేసరికి అక్కడ గూడు లేదు, కిటికీ ఉంది. కిటికీలో వదిన ముఖం ఉంది, కనుబొమల దాకా ఎర్రటి పొడి.

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు.

"నా ఇంట్లో నువ్వేం చేస్తున్నావు?" అంది వదిన.

"నా ఇంట్లో నువ్వేం చేస్తున్నావు?" అంది పిన్ని.

"నీ పుస్తకాలు పెట్టుకోవడానికి గూడు తొలుస్తున్నా. నేల మీద పెడితే చెద పడుతుందని."

"నీ మందులు పెట్టుకోవడానికి నేనూ గూడే తొలుస్తున్నా."

"నాకు మందులెక్కడివి, మోకాలి నూనె తప్ప?"

"నాకు పుస్తకాలెక్కడివి, ఆ ఒక్కటి తప్ప?"

వదిన ఉలిని వెనక్కి దాచబోయింది. చెవులారా నిద్రపోతానన్న మనిషి ఉలి పట్టుకుని, ఇటుక పొడి మింగి, ఈ గోడకు ఏం చెయ్యబోయిందో పిన్నికి అర్థమైంది. ఆ సంగతి పిన్నికి అర్థమైందని వదినకూ అర్థమైంది. ఎగతాళి చెయ్యడానికి అంతకన్నా మంచి అవకాశం పిన్నికి జన్మలో రాదు. కానీ తడిగుడ్డ తీసి కన్నంలోంచి అవతలికి అందించింది. ఇటుక పొడి తుడుచుకోవడానికే అయి ఉంటుంది.

"స్టాపు వచ్చేసింది, దిగండి," అన్నాడు అవతల కండక్టరు. ఇవతల గుమ్మంలో మేస్త్రీ నిలబడి ఉన్నాడు.

మేస్త్రీ అరవలేదు. అరిస్తే బాగుండేది. రంధ్రం దగ్గరికి వచ్చి, లోపల చెయ్యి పెట్టి, పైన ఇటుకలు నిలిచాయో లేదో నొక్కి చూశాడు. తర్వాత డాక్టరు వైపు తిరిగాడు.

"మీరు కూడానా సార్?"

"పుచ్చాయన్నారు," అన్నాడు డాక్టరు చిన్నగా.

"ఉమ్మడి గోడ ఇది. ఒకరి ఇంట్లోకి ఒకరికి కన్నం ఉంటుందా ఎక్కడైనా? రేపు కబుర్లంటారు, ఎల్లుండి మా ఇంట్లోకి చూస్తోందని పోట్లాడుకుంటారు, ఆ తర్వాత ఇద్దరూ కలిసి నన్ను తిడతారు." తొట్టి వైపు చెయ్యి చూపించాడు. "నానిన ఇటుకలు తెండి. పూడ్చేస్తా."

పిన్ని కదల్లేదు. బతిమాలితే పని జరుగుతుందా, ఏడిస్తే జరుగుతుందా, కళ్ళు తిరిగినట్టు పడిపోతే జరుగుతుందా అని మూడూ ఆలోచించింది. మూడోదానికి సిద్ధమై సంచుల వైపు చూసుకుంటుండగా మేస్త్రీయే కాస్త మెత్తబడ్డాడు.

"సరే, ఒక్క మాట. రెండిళ్ళవాళ్ళూ కావాలంటే సంఘంతో నేను చెప్పుకుంటా, పైన రాతిపలక పెట్టి చిన్న చట్రం బిగిస్తా. ఒక్కరు వద్దన్నా పూడ్చేస్తా. పిన్నీ, మీకు కావాలా?"

"కావాలి," అంది పిన్ని, మేస్త్రీ మాట పూర్తి కాకముందే.

"పెద్దమ్మా, మీకు?"

వదిన ముఖం కిటికీలోంచి పక్కకు తిరిగింది. పిన్నికి చెవి ఒక్కటే కనపడుతోంది. ఆ మనిషి సంగతి పిన్నికి తెలియనిదా. ఆకలేసినా అడిగి తినలేదు. తమ్ముడు పోయిన రోజున ఒంటరిగా పడుకోలేనని చెప్పడానికి నోరు రాక, గదిలో ఎలుకలున్నాయని వంక పెట్టి మరదలి గదిలో పడుకుంది. కావాలి అన్న మాట ఆవిడ నోట వస్తుందని ఎదురు చూస్తే ఈ వరుసంతా పాతబడిపోతుంది.

"మాట్లాడరేం పెద్దమ్మా? వద్దనేగా?" మేస్త్రీ తాపీ తీశాడు.

"నువ్వు కాసేపు ఊరుకో," అంది వదిన చెవి. "మరదలా, ఆ కథలో వాడు మనసిచ్చిన పిల్లదాని ఇంటికి చేరాడా లేదా?"

"ఇంకా లేదు వదినా. దారిలో ఉన్నాడు."

"ఇంకా చాలా పేజీలున్నాయా?"

పిన్ని ఒక్క క్షణం తడబడింది. "బోలెడు," అంది.

వదిన అప్పుడు ఇటు తిరిగింది. "విన్నావుగా మేస్త్రీ. కథ మధ్యలో ఉంది. వాడి సంగతేంటో తేలాక నువ్వు వచ్చి పూడ్చేద్దువుగాని. అందాకా ఉండనీ. నాకేదో కావాలని కాదు."

"కథ కోసం గోడకి కన్నం పెట్టమంటున్నారా?"

"పెట్టమనలేదే. అది ఆల్రెడీ ఉంది. నేను ఉండనిమ్మంటున్నా."

"నోరు తెరిచాక మూయించడం కష్టమండీ," అన్నాడు డాక్టరు మేస్త్రీతో, అనుభవం మీద.

మేస్త్రీ రాతిపలక వెతకడానికి వెళ్ళాడు. పోతూ పోతూ శిక్ష కూడా వేశాడు. ఆ నెలంతా వరుసలోని ఇటుకలన్నీ వాళ్ళిద్దరే నానబెట్టాలి, ఒకే తొట్టి దగ్గర కూర్చుని. ఆ శిక్ష విని ఇద్దరూ చాలా బాధపడినట్టు ముఖాలు పెట్టారు. డాక్టరు తను పీకిన ఇటుకల్లో ఒకదాన్ని సంచిలో వేసుకుని తీసుకుపోయాడు. క్లినిక్కులో పెట్టుకుంటాడట, ఏ బాధా లేకుండా ఊడిందనడానికి గుర్తుగా.

తర్వాత చట్రం బిగించారు, రెక్క పెట్టారు. గడియ ఎవరి వైపు పెట్టాలని వడ్రంగి అడిగితే, తన వైపే ఉండాలని ఇద్దరూ ఒకే గొంతుతో అన్నారు. వాడు రెండు వైపులా పెట్టి బతుకు జీవుడా అని బయటపడ్డాడు.

ఇళ్ళలోకి చేరిన రోజు సాయంత్రం. సామాన్లింకా మూటల్లోనే ఉన్నాయి. పిన్ని పొయ్యి ఆర్పిందో లేదో చూసి వచ్చింది, దాన్నింకా వెలిగించనే లేదని గుర్తొచ్చి తనను తాను తిట్టుకుంది. మంచం మీద కూర్చుని రెక్క మీద రెండుసార్లు కొట్టింది. అవతల గడియ తీసిన చప్పుడైంది.

"తలుపు ఉన్నాక కొట్టడమెందుకు? తెరవచ్చుగా," అంది వదిన.

"అలవాటు."

"ఉన్నానులే. చదువు."

పిన్ని దీపం దగ్గరికి జరుపుకుంది, కళ్ళజోడు పెట్టుకుంది, పుస్తకం ఒళ్ళో తెరిచి పెట్టుకుంది. కథానాయకుణ్ణి వంతెన దాటించింది. వాన కురిపించింది. సత్రంలో ఒక ముసలావిడ చేత వాడికి దుప్పటి ఇప్పించింది. వాన మరీ ఎక్కువైందేమో, జలుబు చేస్తుందేమోనని కాస్త తగ్గించింది కూడా. బాగా చెబుతున్నానని తనకే అనిపించింది. అవతల ఊఁ కొట్టడం ఆగిపోయిందని కాసేపటికి గానీ గమనించలేదు. తలెత్తి చూసింది. వదిన కిటికీ అంచున గడ్డం ఆనించి, నేరుగా ఆవిడ ఒళ్ళోకి చూస్తోంది.

"మరదలా, పేజీ తిప్పవేం?"

పిన్ని తల వంచి చూసుకుంది. పుస్తకం చివరి పేజీ దగ్గరే తెరిచి ఉంది. దాని మీద పాత టీ మరక ఇంత గుండ్రంగా, దూరం నుంచి కూడా కనపడేలా. ఈ కిటికీ కోసం అన్ని అబద్ధాలాడింది, దీంట్లోంచి చూపు కూడా పోతుందని మాత్రం తట్టలేదు.

"అదీ... ఇది పెద్ద పేజీ వదినా."

"అవునవును. వంతెనా, వానా, సత్రమూ అన్నీ పట్టాయి." వదిన నవ్వలేదు. "చెక్క అవతల ఉన్నప్పుడు చప్పుడైనా చేసేదానివి. పేపరు అనుకుంటా అది."

పిన్ని టీ మరకను అరచేత్తో కప్పింది. "నీకెప్పట్నుంచి తెలుసు?"

"వాడు రైలు దిగిన దగ్గర్నుంచీ. అంతకుముందు బాగానే ఉండేవాడు. దిగాక, బయటికి వెళ్ళినప్పుడల్లా పొయ్యి ఆర్పానా అని వెనక్కి వస్తున్నాడు."

పిన్నికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, ఏది ముందు బయటికి పంపాలో తెలియక దగ్గింది. అంటే మేస్త్రీ ముందు ఇంకా చాలా పేజీలున్నాయా అని అడిగినప్పుడే ఆవిడకు తెలుసన్నమాట, లేవని.

"అయితే కథ అయిపోయినట్టేగా," అంది భయం భయంగా. "మేస్త్రీని పిలవాలా?"

"నేను అయిపోయిందన్నానా? పేజీ తిప్పమన్నాను. చప్పుడయ్యేలా తిప్పు, లేకపోతే విన్నట్టుండదు."

పిన్ని టీ మరక ఉన్న పేజీని వేళ్ళతో పట్టుకుని, గలగలమనేలా వెనక్కి ఒకసారి తిప్పి, మళ్ళీ ముందుకు తిప్పింది. కళ్ళజోడు సర్దుకుంది.

"తెల్లారింది. వాడు సత్రంలో పొయ్యి ఆరిందో లేదో చూసుకుని, గుమ్మం దగ్గర ఆగి, ముసలావిడతో వస్తాను అన్నాడు," అని చదివింది.

"ఎక్కడికి బయల్దేరాడు?"

"ఇంకా అనుకోలేదు," అంది పిన్ని.